ఊరూరా తిరిగే రైడ్లు: నిలబెట్టే పద్ధతి, విప్పే పద్ధతి

ఒకే చోట శాశ్వతంగా పాతుకుని ఉండే పార్కు రైడ్‌కూ, లారీలకెక్కి ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ రైడ్‌కూ అసలు తేడా ఎత్తులోనో వేగంలోనో లేదు. మొదటిదాన్ని ఒక్కసారి నిర్మిస్తారు. రెండోదాన్ని ఏడాదిలో ఎన్నోసార్లు నిర్మించి, అన్నిసార్లూ ముక్కలు చేస్తారు. విప్పి బిగించిన ప్రతిసారీ పిన్నులూ రంధ్రాలూ కొంత అరుగుతాయి, కేబుళ్లు నలుగుతాయి, మరలు వదులవుతాయి. అయితే ఇందులో ఒక మేలు కూడా ఉంది. శాశ్వత రైడ్‌లో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడని అతుకు, తిరిగే రైడ్‌లో ప్రతి మకాంలోనూ మనిషి చేతిలోకి వచ్చి వెళ్తుంది. ఈ అవకాశాన్ని వాడుకోవాలంటే విప్పే పనిని తర్వాతి మకాంలో నిలబెట్టే పనికి మొదటి భాగంగా చూడాలి. ఈ వ్యాసం ఆ దృష్టితోనే సాగుతుంది. ఉదాహరణకు ఎక్కువగా జెయింట్ వీల్‌నే తీసుకున్నాను, ఎందుకంటే నేల, మట్టం, బరువుల సమతూకం, గాలి అనే నాలుగు సమస్యలూ అందులో ఒకేసారి కనిపిస్తాయి. ట్రెయిలర్ మీదనే మడతపడి, హైడ్రాలిక్ కాళ్ల మీద విచ్చుకునే రైడ్లకు శ్రమ తక్కువే కానీ నేల, పిన్ను, విద్యుత్తు విషయంలో చెప్పేదంతా వాటికీ వర్తిస్తుంది.

విప్పడానికి వీలుగా వీల్‌ను రూపొందించడం కొత్త ఆలోచనేమీ కాదు. వంతెనలు కట్టే వృత్తిలో ఉన్న విలియం సల్లివన్ 1900లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ముక్కలుగా విప్పి మరోచోటికి తరలించగల వీల్‌ను తయారుచేశాడు. వంతెన పనివాడి చేతిలో అది రూపుదిద్దుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. పిన్నులతో కలిపే ఉక్కు ముక్కలు, ఒక్కో ముక్కకు ఒక్కో స్థానం, ఒక నిర్ణీత వరస: ఇవన్నీ వంతెన పని లక్షణాలే.

ముందుగా కాగితాలు, తర్వాతే నేల

తయారీదారు ఇచ్చిన మాన్యువల్ లేకుండా ఏ రైడ్‌నూ నిలబెట్టకూడదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రైడ్‌కు మాన్యువల్ రాకపోతే దాన్ని సంపాదించేవరకో, అర్హత గల ఇంజినీరు చేత డ్రాయింగులూ లెక్కలూ తయారు చేయించేవరకో ఆగడమే సరైనది. ‘మా మేస్త్రీకి అంతా కంఠతా వచ్చు’ అనే మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను; మేస్త్రీ సెలవు పెట్టిన రోజున ఆ జ్ఞానం కూడా సెలవులోనే ఉంటుంది. ఒక్కో కాలి మీద పడే బరువు, బోల్టులకు ఇవ్వాల్సిన టార్క్ (తిప్పి బిగించే బలం), ఏ గాలివేగానికి రైడ్ ఆపాలి, ఏ వేగానికి జనం కూర్చునే తొట్టెలు దించాలి, ఏ భాగాన్ని ఎన్ని గంటలకు మార్చాలి అనే అంకెలు మాన్యువల్‌లోనే ఉంటాయి. ఈ వ్యాసంలోని ఏ మాటైనా మీ రైడ్ మాన్యువల్‌తో విభేదిస్తే మాన్యువల్ మాటే చెల్లుతుంది. రైడ్ రూపకల్పనకూ నడపడానికీ యూరప్‌లో ఈఎన్ 13814, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17842, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్24 కమిటీ ప్రమాణాలు ఉన్నాయి. మీరు పనిచేసే చోట ఏది అమల్లో ఉందో, తనిఖీ అధికారి ఏ కాగితాలు అడుగుతారో మైదానానికి చేరకముందే తెలుసుకోవాలి.

మైదానాన్ని చూడటానికి లారీల కంటే ముందు ఒక మనిషి వెళ్లాలి. అతడు మొదట తల ఎత్తి పైకి చూడాలి, తర్వాత కిందికి. పైన కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు ఉంటాయి. కింద నీటి పైపులు, డ్రైనేజీ గోతులు, పూడ్చిన బావులు, ఈమధ్యే మట్టి పోసి చదును చేసిన జాగాలు ఉంటాయి. హైటెన్షన్ తీగకు క్రేను తగలాల్సిన పని కూడా లేదు. బాగా దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది. కాబట్టి రైడ్ పూర్తయ్యాక ఎంత ఎత్తు ఉంటుందో కాదు, దాన్ని ఎత్తేటప్పుడు క్రేను చేయి ఎక్కడెక్కడ తిరుగుతుందో చూసుకుని దూరం పాటించాలి. ఆ దూరం ఎంతో విద్యుత్ సంస్థనే అడగాలి. జాగాలు గుర్తించేటప్పుడు లోపలి మూలన ఉండే పెద్ద రైడ్లు ముందు వచ్చేలా, చివరి రోజు రాత్రి వాటి లారీలు ఇతరుల స్టాళ్లు దాటకుండానే బయటికి పోయేలా దారి వదలాలి. ఈ ఒక్క ఆలోచన చేయకపోవడం వల్లే విప్పే రాత్రి సగం గొడవలు వస్తాయి.

నేల బలం, దిమ్మెలు, మట్టం

రైడ్ పనిలో అన్నిటికన్నా తక్కువ మెరిసేదీ, అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేదీ కాళ్ల కింద పెట్టే దిమ్మెల పనే. ఒక్క లెక్క చూద్దాం. ఒక కాలి మీద 6 టన్నుల బరువు పడుతుందనుకుందాం. ఆ కాలి అడుగున ఉన్న ఉక్కు పలక 30 సెంటీమీటర్ల చదరం అయితే నేల మీద చదరపు మీటరుకు దాదాపు 67 టన్నుల ఒత్తిడి పడుతుంది. గట్టిపడిన కంకర నేల కూడా ఇంత ఒత్తిడిని మోస్తుందని ఖాయంగా చెప్పలేం. తడిసి మెత్తబడిన బంకమట్టి అయితే చదరపు మీటరుకు ఏడున్నర టన్నుల కంటే తక్కువే మోస్తుంది. అదే బరువును 90 సెంటీమీటర్ల చదరానికి పరిచామంటే ఒత్తిడి చదరపు మీటరుకు 7.4 టన్నులకు దిగుతుంది. అంటే గట్టి నేలకు అది ఎంతో సురక్షితం, మెత్తని బంకమట్టికి మాత్రం అదీ చాలదు. అక్కడ ఇంకా వెడల్పు కావాలి, లేదా జాగా మార్చాలి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కాలి పలక కింద పల్చని ప్లైవుడ్ షీటు ఒకటి పరిస్తే బరువు షీటంతటా పరుచుకుందని అనుకుంటారు. అలా జరగదు. పల్చని షీటు పలక కిందనే వంగిపోతుంది, దాని అంచులు గాలిలో ఊరికే ఉంటాయి. బరువు దిమ్మెల గుండా ఇంచుమించు 45 డిగ్రీల కోణంలో కిందికి విస్తరిస్తుందని లెక్కించడం మామూలు పద్ధతి. అంటే 30 సెంటీమీటర్ల పలక నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పుకు చేరాలంటే మధ్యలో 30 సెంటీమీటర్ల మందం గల దిమ్మెలు ఒకదానిపై ఒకటి అడ్డంగా, నిలువుగా పేర్చి ఉండాలి. దిమ్మెలు గట్టి కలపవై, పగుళ్లూ పుచ్చూ లేకుండా, నాలుగు వైపులా చదునుగా ఉండాలి. కింది వరస అన్నిటికన్నా వెడల్పుగా ఉండాలి. దొంతర ఎత్తు దాని అడుగు వెడల్పును మించకూడదు; అంతకన్నా ఎత్తు కావాల్సి వస్తోందంటే ఆ జాగా ఆ రైడ్‌కు పనికిరాదని అర్థం. సన్న సర్దుబాటుకు ఏటవాలు చెక్క ముక్కలు (వెడ్జ్‌లు) వాడేటప్పుడు రెండింటిని ఎదురెదురుగా జతగా కొట్టాలి, ఒక్కటే కొడితే కాలు ఒక అంచు మీదే నిలబడుతుంది. ఇటుకలు, రాళ్లు, కాంక్రీటు బ్లాకులు దిమ్మెలుగా పనికిరావు, ఎందుకంటే అవి ముందస్తు హెచ్చరిక లేకుండా పగులుతాయి. చెక్క నలిగేటప్పుడు కనీసం చప్పుడు చేస్తుంది.

పేర్చకముందు గడ్డి, చెత్త, వదులు మట్టి తీసి గట్టి పొర బయటపడేవరకు చెక్కాలి. వాలును మట్టి పోసి కాదు, ఎత్తు వైపు తవ్వి సరిచేయాలి. పోసిన మట్టి మొదటి వానకే దిగిపోతుంది. తర్వాత జాకీతో ఎత్తి, దిమ్మె పెట్టి, జాకీ తీసేయాలి. హైడ్రాలిక్ జాకీ మీదే రైడ్ బరువు వదిలేయడం ఎంతమాత్రం తగదు. లోపలి సీలు నుంచి నూనె చుక్కచుక్కగా కారితే చాలు, రాత్రికి రాత్రే ఆ మూల కిందికి కుంగుతుంది.

మట్టం చూడటానికి పొడవాటి రసమట్టం లేదా లేజర్ లెవెల్ వాడాలి. బేస్ ఫ్రేము రెండు నిడివులూ, రెండు కర్ణాలూ చూడాలి. 4 మీటర్ల బేస్ మీద 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే 16 మీటర్ల ఎత్తున ఉన్న టవరు కొన 20 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. వినడానికి స్వల్పమే. కానీ ఇరుసు రెండు టవర్ల మీదా సమంగా కూర్చోకపోతే బేరింగు ఒక వైపే అరుగుతుంది, పైన పిన్నులు సులభంగా దిగవు. పిన్ను దిగడం లేదని పైన సుత్తితో బాదుతున్నవాడి సమస్య చాలాసార్లు కింద దిమ్మెల్లో ఉంటుంది. రైడ్ మొదటిసారి బరువుతో తిరిగాక దిమ్మెలు కొంత కూర్చుంటాయి కాబట్టి అప్పుడు ఒకసారి, ఆ తర్వాత రోజూ ఉదయం, వాన పడిన ప్రతిసారీ మట్టం మళ్లీ చూడాలి.

ఎత్తే పని

క్రేనుకు ఒక్కరే సైగలు చేయాలి, ఎత్తిన బరువు కింద ఎవరూ ఉండకూడదు, ఊగకుండా పట్టుకోవడానికి బరువుకు తాడు కట్టాలి, బరువుకు చుట్టే స్లింగులూ వాటిని తగిలించే షాకిళ్లూ (ఉక్కు కొక్కేలు) మోయగల బరువు వాటిపైనే రాసి ఉండాలి: ఇవన్నీ ఏ నిర్మాణ పనికైనా ఉన్న నియమాలే. ఎత్తు మీద పనిచేసేవారికి ఒళ్లంతా పట్టే హార్నెస్ ఉండాలి. దాని కొక్కెం తగిలించే చోటు మాన్యువల్‌లో చూపినదే అయి ఉండాలి, చేతికందిన పైపు కాకూడదు.

జెయింట్ వీల్‌కు ప్రత్యేకమైనది సమతూకం. టవర్లు నిలబెట్టి, అడ్డ కమ్మీలు బిగించి, ఇరుసు ఎక్కించాక ఆకులు (ఇరుసు నుంచి వీల్ అంచుకు పోయే చువ్వలు) ఒక్కొక్కటిగా తగిలిస్తారు. మొదటి ఆకు తగిలిన క్షణం నుంచి వీల్ సగం కట్టిన తక్కెడలా ఉంటుంది: బరువున్న వైపు కిందికి పోవాలని చూస్తూనే ఉంటుంది. అందుకే మాన్యువల్ ఇచ్చిన వరసలో, సాధ్యమైనంతవరకు ఎదురెదురు జతలుగా తగిలించాలి. వీల్‌ను తిప్పి తర్వాతి స్థానానికి తెచ్చిన ప్రతిసారీ లాకు పిన్నుతోనో, అందుకోసమే అమర్చిన వించితోనో (తాడు చుట్టి లాగే యంత్రంతోనో) పట్టి ఉంచాలి. మామూలు బ్రేకు వీల్‌ను ఆపడానికి ఉద్దేశించినదే తప్ప, సగం కట్టిన వీల్‌ను మనిషి పక్కన నిలబడి ఉండగా గంటలకొద్దీ మోయడానికి కాదు. తొట్టెలకూ ఇదే నియమం. ఒక తొట్టె పెట్టగానే దాని ఎదుటి తొట్టె పెట్టాలి.

పిన్ను దగ్గర ఒక్క నిమిషం

ఇక పిన్ను. రైడ్ మొత్తం చివరికి వీటి మీదే ఆధారపడుతుంది కాబట్టి ఒక్క పిన్నును ఎలా పెట్టాలో విడిగా చెప్పడం అవసరం. పిన్నును గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూడాలి. దాని నడుమ వేలికి తెలిసేంత గాడి పడి ఉంటే, అది అరిగిందని అర్థం. కొలిచి చూడాలి, మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటితే పక్కన పడేయాలి. వంకరను తెలుసుకోవడానికి చదునైన పలక మీద దొర్లించి చూడటం చాలు. రెండు ముక్కల రంధ్రాలూ కలిశాయా అని చూడటానికి వేలు పెట్టకూడదు. ముక్క కాస్త కదిలినా వేలు తెగుతుంది. కొనదేరిన ఉక్కు కడ్డీ పెట్టి సరిచూసుకోవాలి. సరిగ్గా కలిసిన రంధ్రంలోకి పల్చగా గ్రీజు రాసిన పిన్ను చేతితోనో, చిన్న సుత్తితో రెండు దెబ్బలకో దిగుతుంది. పెద్ద సమ్మెట అవసరమైందంటే ఆగి, ముక్కలు ఎందుకు కలవడం లేదో చూడాలి.

వీలున్న ప్రతిచోటా పిన్ను తల పైకి ఉండేలా పెట్టాలి. అప్పుడు క్లిప్పు ఊడినా పిన్ను తన బరువుకే రంధ్రంలో నిలిచి ఉంటుంది. చివర ఆర్-క్లిప్పు (R అక్షరం ఆకారంలో వంచిన స్ప్రింగు తీగ) పెట్టేటప్పుడు అది పిన్ను మెడను పట్టుకుని ‘టక్’మనే చప్పుడు వినిపించాలి, లాగి చూస్తే కదలకూడదు. నోరు తెరుచుకుపోయిన క్లిప్పును మళ్లీ వంచి వాడకూడదు. స్ప్లిట్ పిన్ను అయితే ప్రతిసారీ కొత్తదే పెట్టి రెండు కాళ్లూ విడదీసి వంచాలి. క్లిప్పు దొరకలేదని మేకో, కట్టుతీగో చుట్టడం ఈ పనిలో క్షమించరాని తప్పు. తీగ చుట్టిన పిన్ను దూరం నుంచి క్లిప్పు ఉన్నట్టే కనిపించి తనిఖీ చేసేవాడిని కూడా మోసగిస్తుంది. ఇందుకు మందు సులభం: ప్రతి అతుకు సమూహానికి ఒక డబ్బా, డబ్బా మీద పిన్నులూ క్లిప్పులూ ఎన్ని అనే అంకె. పని పూర్తయ్యేసరికి డబ్బా ఖాళీ అయి ఉండాలి. ఒక్కటి మిగిలినా అది ఎక్కడిదో తేలేవరకు రైడ్ తిరగకూడదు. విడి క్లిప్పులు వేరే డబ్బాలో, వేరే మనిషి దగ్గర ఉండాలి, లేకపోతే ఈ లెక్క అర్థం కోల్పోతుంది.

బోల్టుల విషయంలో తలపై ఉన్న, ఉక్కు బలాన్ని చెప్పే 8.8, 10.9 వంటి అంకె చూడాలి. 10.9 ఉండాల్సిన చోట 8.8 సరిగ్గానే పడుతుంది, కానీ అది మోయగల బరువు తక్కువ. టార్క్ రెంచ్‌తో ఒకదాని తర్వాత దాని ఎదుటిది బిగించి, నట్టు నుంచి ఫ్రేము మీదికి రంగుతో ఒక గీత గీయాలి. మర్నాడు ఉదయం గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని రెంచ్ పెట్టకుండానే తెలుస్తుంది. ఈ చిన్న గీత చేసే మేలు ఖరీదైన పనిముట్లు కూడా చేయలేవు.

కరెంటు

జనరేటర్ నుంచి వచ్చే త్రీ ఫేజ్ కేబుల్‌లో రెండు ఫేజులు తారుమారైతే మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది. కొన్ని రైడ్లలో ఇది కేవలం చికాకు. వించి, హైడ్రాలిక్ పంపు, ఒకే దిశలో పనిచేసే బ్రేకు ఉన్న చోట ప్రమాదం. కాబట్టి ప్రతి మకాంలోనూ మోటారును రైడ్‌కు కలపకముందే ఫేజుల వరసను మీటరుతో చూడాలి. న్యూట్రల్‌ను ఫేజుల కంటే ముందు కలిపి, విప్పేటప్పుడు ఫేజుల తర్వాతే తీయాలి. త్రీ ఫేజ్ సరఫరాలో న్యూట్రల్ తెగితే 230 వోల్టుల దీపాల మీద దాదాపు 400 వోల్టుల వరకు పడవచ్చు. దండలు దండలుగా దీపాలు మాడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రైడ్ ఉక్కు ఫ్రేము, ఉక్కు కంచె, టికెట్ బూత్, జనరేటర్ శరీరం అన్నిటినీ ఎర్త్‌కు కలపాలి. జనం చేయి తగిలే సర్క్యూట్లకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగే ట్రిప్ స్విచ్ ఉండాలి. దాని టెస్ట్ బటన్‌ను రోజూ నొక్కి చూడాలి. కేబుల్ జాయింట్లు నేల మీద కాకుండా ఎత్తున ఉండాలి, జనం నడిచే దారిలో కేబుల్ మీద ర్యాంపు కప్పు వేయాలి. రైడ్ మీద ఎవరైనా పనిచేస్తుంటే మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళం చెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. ‘ఆపరేటర్‌కు చెప్పాను’ అనడం తాళం వేసినట్టు కాదు.

తిప్పి చూడటం

మొదట ఖాళీగా, వీలైనంత నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పాలి. ఆ చుట్టులో సంగీతం, జనరేటర్ పక్కన కబుర్లు ఆపేసి నలుగురు నాలుగు వైపులా నిలబడి వినాలి. బేరింగు కీచుమనడం, తొట్టె ఎక్కడైనా రాసుకోవడం, ప్రతి చుట్టులో ఒకే చోట వచ్చే టక్కు చప్పుడు ఇప్పుడే తెలుస్తాయి. తర్వాత పూర్తి వేగంతో, ఆ తర్వాత మాన్యువల్ చెప్పిన మేరకు ఇసుక బస్తాలో నీళ్ల డబ్బాలో వేసి తిప్పాలి. పరీక్షకు పనివాళ్లనే కూర్చోబెట్టే అలవాటును నేను సమర్థించను, ఇసుక బస్తా ఆ పనికి చాలు. బరువు ఒకవైపే ఉన్నప్పుడు వీల్ ఆగుతుందా, ఆగాక జారుతుందా అనేది చూడటం ముఖ్యం. ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు ఎన్ని ఉంటే అన్నీ నొక్కి చూడాలి. ప్రతి సీటు ల్యాప్ బార్‌ను (ఒడి మీద అడ్డంగా పడే కమ్మీని), బెల్టును, తలుపు గడియను చేత్తో లాగి చూడాలి. చివరగా కంచె: సీట్లోంచి చాచిన చేయీ కాలూ కంచెను తాకకూడదు, కంచె మీదుగా వంగిన పిల్లవాడి చేయి రైడ్‌ను తాకకూడదు. ఇవన్నీ లాగ్ పుస్తకంలో తేదీతో, చూసినవారి సంతకంతో రాసి, తనిఖీ అధికారి అనుమతి తీసుకున్నాకే టికెట్లు అమ్మాలి.

గాలి

గాలి ఒత్తిడి వేగానికి కాదు, వేగపు వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 6 కిలోల బరువుతో తోస్తే, 15 మీటర్ల గాలి 14 కిలోలతో, 20 మీటర్ల గాలి 25 కిలోలతో తోస్తుంది. వేగం రెట్టింపు, ఒత్తిడి నాలుగింతలు. చాలా రైడ్లను సెకనుకు 15 మీటర్ల వరకు, అంటే గంటకు 54 కిలోమీటర్ల గాలిలో నడిపేలా రూపొందిస్తారు, అయితే మీ రైడ్ హద్దు దానికంటే తక్కువ ఉండవచ్చు. గాలిని కొలిచే మీటరు నేల మీద ఆపరేటర్ చేతిలో ఉంటే సరిపోదు, పైన గాలి సాధారణంగా ఎక్కువే. 10 చదరపు మీటర్ల ప్రకటన బ్యానరు 15 మీటర్ల గాలిలో 140 కిలోల బరువుతో ఫ్రేమును తోస్తుంది. రైడ్ డిజైనరు ఆ బ్యానరును లెక్కలోకి తీసుకుని ఉండడు. కాబట్టి డ్రాయింగులో లేని బ్యానర్లు టవర్లకు కట్టనివ్వకూడదు. గాలి హెచ్చరిక వస్తే వరస ఇది: జనాన్ని దించడం, బ్యానర్లూ పైకప్పు గుడ్డలూ తీయడం, మాన్యువల్ చెప్పిన వేగానికి తొట్టెలు ఎదురెదురు జతలుగా దించడం. గాలి వచ్చాక పైకెక్కి ఏదీ విప్పకూడదు, అందుకే ముందే చేయాలి.

విప్పే రాత్రి

నిలబెట్టేటప్పుడు అందరూ తాజాగా, పగటి వెలుతురులో, తనిఖీ అధికారి వస్తాడన్న ఎరుకతో పనిచేస్తారు. విప్పేటప్పుడు రోజంతా రైడ్ నడిపి అలసినవాళ్లే, అర్ధరాత్రి, ఎవరూ చూడని సమయంలో, తెల్లారేలోగా మైదానం ఖాళీ చేయాలన్న ఒత్తిడిలో పనిచేస్తారు. ప్రమాదాన్ని తగ్గించే అసలు మార్గం యజమాని చేతిలోనే ఉంది: విప్పే బృందంలో కనీసం సగం మందికి ఆ సాయంత్రం డ్యూటీ వేయకపోవడం, లేదా పెద్ద రైడ్ల విప్పుడును తెల్లవారేదాకా ఆపడం. మైదానం అద్దె మాట్లాడుకునేటప్పుడే ఖాళీ చేయడానికి ఒక రోజు ఎక్కువ అడగాలి.

చివరి సందర్శకుడు గేటు దాటేవరకు ఒక్క పిన్ను కూడా తీయకూడదు. ఆఖరి ఆటకు ముందే కంచె విప్పడం, దీపాల తీగలు చుట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. పిల్లలు అక్కడికే పరుగెత్తుకొస్తారు. పనికి కావలసిన వెలుతురు రైడ్ దీపాల నుంచి కాకుండా విడి లైట్ల నుంచి రావాలి, ఎందుకంటే మొదట తీసేది రైడ్ కరెంటునే.

కరెంటు తీశాక కూడా రైడ్‌లో శక్తి మిగిలి ఉంటుంది. హైడ్రాలిక్ గొట్టంలో ఒత్తిడి, ఎయిర్ ట్యాంకులో గాలి, బిగించిన స్ప్రింగు, పైకెత్తి నిలిపిన చేయి, ఒక వైపు బరువెక్కిన వీల్: వీటిలో ప్రతిదాన్నీ ముందుగా ఖాళీ చేయాలి, లేదా యాంత్రికంగా కట్టడి చేయాలి. ఏ పిన్ను తీసేముందైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఇప్పుడు ఏ బరువును మోస్తోంది, తీశాక ఆ బరువు ఎవరి మీదికి పోతుంది? పిన్ను బిగుసుకుని రావడం లేదంటే తుప్పు కారణం కాకపోవచ్చు, ఇంకా బరువు మోస్తూ ఉండవచ్చు. క్రేనుతో ఆ ముక్కను కాస్త పైకి పట్టాక అదే పిన్ను వేళ్లతోనే వచ్చేస్తుంది.

ముక్క కిందికి దిగి, లారీ ఎక్కేలోపు ఉన్న రెండు నిమిషాలే తిరిగే రైడ్‌కు దొరికే అత్యుత్తమ తనిఖీ సమయం. వెల్డింగుల పక్కన రంగు మీద సన్నని గోధుమరంగు గీత ఉంటే అది పగులు నుంచి కారిన తుప్పు కావచ్చు. రంధ్రం గుండ్రంగా కాక కోలగా ఉందా, పైపు ముక్కను ఏటవాలుగా ఎత్తితే లోపలి నుంచి నీళ్లో తుప్పు పొడో రాలుతోందా చూడాలి. 2017 జూలై 26న అమెరికాలోని ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో ఫైర్ బాల్ అనే రైడ్ తిరుగుతుండగానే సీట్ల వరస ఒకటి విరిగి ప్రాణనష్టం జరిగింది. సీట్లను మోసే దూలం లోపల తుప్పు పట్టి ఉక్కు మందం ప్రమాదకరంగా తగ్గిపోయిందని తయారీ సంస్థ తేల్చింది. ఆ రైడ్ అప్పటికి 18 ఏళ్లది, తనిఖీలు దాటినదే. లోపల బోలుగా ఉన్న దూలాలకు కంటిచూపు చాలదని, మందాన్ని అల్ట్రాసానిక్ మీటరుతో కొలిపించాలని ఆ ఘటన స్పష్టం చేసింది. నీళ్లు బయటికి పోయే రంధ్రాలకు మట్టి, రంగు అడ్డుపడకుండా చూడటం మాత్రం ఏ మీటరూ లేకుండా ఎవరైనా చేయగల పని.

సందేహం కలిగిన ముక్కకు వెంటనే ఎర్ర రిబ్బను కట్టి, లాగ్ పుస్తకంలో దాని నంబరు, కనిపించిన లోపం రాయాలి. ‘రేపు చెప్తాను’ అనుకున్నది లారీ అడుగున చేరి తర్వాతి మకాంలో రిబ్బను లేకుండానే పైకి ఎక్కుతుంది.

ఎక్కింపు వరస నిలబెట్టే వరసకు సరిగ్గా తలకిందులుగా ఉండాలి: తొట్టెలూ అలంకార పలకలూ లోపలికి, ఆకులు వాటి తర్వాత, టవర్లూ బేస్ ఫ్రేమూ వాటి తర్వాత, దిమ్మెలూ జాకీలూ రసమట్టమూ అన్నిటికంటే చివర, లారీ తలుపు తీయగానే చేతికి అందేలా. ముక్కలకు ఎడమ, కుడి తెలిసేలా గుర్తులు ఉండాలి. పిన్నులు వాటి డబ్బాల్లోకి లెక్క ప్రకారం చేరాలి. డబ్బా మీది అంకె ఇక్కడ రెండోసారి పనిచేస్తుంది, తగ్గిన క్లిప్పు గడ్డిలోనే ఎక్కడో ఉందని చెబుతుంది. దాన్ని వెతకడానికి అయస్కాంతపు కడ్డీతో జాగా అంతా ఒకసారి తిరగాలి. ఎర్త్ రాడ్లు పీకిన చోట, దిమ్మెల కోసం తవ్విన చోట మట్టి కప్పి దిమ్మెస కొట్టాలి.

లారీలో ముక్కలను ఉక్కు మీద ఉక్కు రాసుకోకుండా మధ్యలో చెక్క పెట్టి, ముందుకీ పక్కలకీ జరగకుండా బెల్టులతో కట్టాలి. రోడ్డు మీద కుదుపులకు ముక్కలు సర్దుకుని బెల్టులు వదులవుతాయి కాబట్టి బయలుదేరిన కొద్ది కిలోమీటర్లకే ఆగి అన్నిటినీ మళ్లీ బిగించాలి. ఎర్ర రిబ్బను ముక్కల జాబితాను లారీతో పాటు కాకుండా ముందే వర్క్‌షాపుకు పంపితే, సరుకు చేరేసరికి బదులు ముక్క సిద్ధంగా ఉంటుంది.